డంపర్ సీటులోంచి గని: భారీ యంత్రాల ఆపరేటర్ల పనిలో అసలు కష్టం ఎక్కడుంది?

ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే భారీ యంత్రాలను గట్టు మీద నిలబడి చూసేవారికి వాటిని నడిపే ఆపరేటర్ల పని సుఖంగానే కనిపిస్తుంది. చల్లని క్యాబిన్, కుదుపులను తగ్గించే సీటు, వేళ్ళతో తోస్తే కదిలే లీవర్లు, ఎదురుగా అంకెలు చూపే తెర ఉంటాయి. ఏ లీవర్ దేనికో తెలుసుకుని యంత్రాన్ని కదిలించడం నేర్చుకోవడానికి నిజంగానే ఎక్కువ కాలం పట్టదు. అయితే గనిలో నేల ఏ రెండు షిఫ్టుల్లోనూ ఒకే తీరుగా ఉండదు. నిన్న డంపర్లు (మట్టినీ ఖనిజాన్నీ మోసే భారీ ట్రక్కులు) తిరిగిన దారిని ఇవాళ షావెల్ (బకెట్‌తో తవ్వి ఎత్తే యంత్రం) తవ్వేసి ఉండవచ్చు. సాయంత్రం గట్టిగా ఉన్న అంచు రాత్రి వానకు నానిపోయి ఉండవచ్చు. బ్లాస్టింగ్ (రాతిని పేల్చడం) తరువాత ఎదుటి గోడ రూపే మారిపోయి ఉండవచ్చు. అందుకే ఈ వృత్తిలో అసలు విద్య చేతుల్లో కన్నా అంచనాలో ఉందని నా అభిప్రాయం. తన కింద ఎంత బరువు కదులుతోంది, ఆ బరువును మోస్తున్న నేల ఎలాంటిది, తన కంటికి అందనిది ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు షిఫ్టు పొడుగునా జవాబు వెతుక్కుంటూ ఉండటమే ఆపరేటర్ ఉద్యోగం. ఉత్పత్తి, భద్రత అని మనం వేరుచేసి మాట్లాడుకునే రెండూ ఆ జవాబుల మీదే ఆధారపడి ఉంటాయి.

ఖనిజం భూమి పైపొరలకు దగ్గరగా ఉన్నప్పుడు సొరంగాలు తవ్వకుండా, పైనున్న మట్టినీ రాతినీ తొలగించి దాన్ని బయటికి తీయడమే ఓపెన్‌కాస్ట్, అంటే ఉపరితల గనుల పద్ధతి. ఒక టన్ను బొగ్గు లేదా ఖనిజం చేతికి రావాలంటే ఎంత మట్టిని తీయాలన్న లెక్కను స్ట్రిప్పింగ్ రేషియో అంటారు. చాలా గనుల్లో ఈ నిష్పత్తి ఒకటికి మించే ఉంటుంది కనుక ఆపరేటర్లు తమ పనికాలంలో ఎక్కువ భాగం అమ్ముడుపోని మట్టిని కదిలించడంలోనే గడుపుతారు. మెత్తని నేలల్లో తవ్వకమూ రవాణా ఆగకుండా సాగే ఏర్పాట్లు ఉన్నాయి. జర్మనీలోని రైన్‌లాండ్ లిగ్నైట్ గనుల్లో పనిచేసే బ్యాగర్ 293 అనే బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్ బరువు సుమారు 14,200 టన్నులు. అది రోజుకు 2,40,000 ఘనపు మీటర్ల వరకు తవ్వగలదు. గట్టి రాయి ఉన్నచోట మాత్రం అలాంటి యంత్రం పనికిరాదు. అక్కడ డ్రిల్ యంత్రం రంధ్రాలు వేస్తుంది, బ్లాస్టింగ్ రాతిని పగలగొడుతుంది, షావెల్ దాన్ని ఎత్తి డంపర్‌లో పోస్తుంది, డంపర్ ర్యాంపు అనే వాలు దారి ఎక్కి, తీసిన మట్టిని పోసే డంపు యార్డుకో ఖనిజాన్ని నలగ్గొట్టే క్రషర్‌కో చేరుస్తుంది. మట్టిని నెట్టే డోజర్, బ్లేడుతో రోడ్డును చదును చేసే గ్రేడర్, నీళ్ళ ట్యాంకర్ ఈ చక్రం ఆగకుండా చూస్తాయి.

ఈ చక్రం వేగాన్ని నిర్ణయించేది షావెల్ ఆపరేటర్. బకెట్ నింపడం, డంపర్ వైపు తిరగడం, పోయడం, మళ్ళీ ఫేసు (తవ్వుతున్న గోడ) దగ్గరికి రావడం కలిపి ఒక పాస్ అవుతుంది. పెద్ద షావెల్‌కు ఇందుకు అర నిమిషం, అటూ ఇటూగా పడుతుంది. సాధారణంగా మూడు నుంచి ఐదు పాస్‌లలో ఒక డంపర్ నిండాలి. ఇక్కడ తిరిగే కోణం చాలా ముఖ్యం. డంపర్‌ను ఎక్కడ నిలబెట్టాలో చెప్పే బాధ్యత షావెల్ ఆపరేటర్‌దే కాబట్టి, ఆ చోటును కాస్త దూరంగా ఎంచుకుని ప్రతి పాస్‌కూ ఐదు సెకన్లు అదనంగా తిరిగితే, నాలుగు పాస్‌లకు ఇరవై సెకన్లు పోతాయి. షిఫ్టులో 200 డంపర్లు నింపే చోట అది 4,000 సెకన్లు, అంటే గంటకు పైగా కాలం. ఎవరూ ఖాళీగా కూర్చోకుండానే, యంత్రం ఒక్క క్షణం ఆగకుండానే ఆ గంట పోతుంది. కొత్త ఆపరేటర్ చెయ్యి చురుగ్గా ఆడుతున్నా షిఫ్టు చివర లెక్క తక్కువగా రావడానికి తరచు ఇదే కారణం.

అనుభవమున్న షావెల్ ఆపరేటర్ మొదటి బకెట్‌ను ఎలా పోస్తారో గమనించదగ్గది. ఫేసులో పెద్ద బండలూ పొడి మట్టీ కలిసి ఉంటాయి. మొదటి బకెట్‌లో చిన్న రాళ్ళూ మట్టీ వచ్చేలా ఏరి, వీలైనంత తక్కువ ఎత్తు నుంచి డంపర్ బాడీలో, అంటే మోత పోసే తొట్టిలో పరుస్తారు. ఆ పరుపు మీద తరువాతి బండలు పడితే దెబ్బ తగ్గుతుంది. ఖాళీ బాడీలో మొదటే పెద్ద బండ పడితే ఆ కుదుపు సస్పెన్షన్ గుండా క్యాబిన్‌లోని మనిషి నడుము దాకా వస్తుంది. ఇక చివరి బకెట్‌తో బరువును మధ్యకు తేవాలి. మోత ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క టైర్లు అరుగుతాయి, మలుపులో డంపర్ తూలుతుంది. అంచుల మీదికి పేరుస్తే దారి పొడుగునా రాళ్ళు రాలి వెనక వచ్చే బండ్ల టైర్లను కోస్తాయి.

మోత ఎంత ఉండాలన్న విషయంలో పరిశ్రమలో 10–10–20 అనే సూత్రం ప్రచారంలో ఉంది. నిర్ణయించిన మోతకు 10 శాతం మించిన ట్రిప్పులు మొత్తం ట్రిప్పుల్లో 10 శాతాన్ని దాటకూడదు. 20 శాతం మించిన ట్రిప్పు ఒక్కటీ ఉండకూడదు. ఇంత కచ్చితంగా ఎందుకంటే, డంపర్ బ్రేకులూ స్టీరింగూ ఫ్రేమూ ఆ హద్దు లోపలి బరువును దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. ఇంకొక్క బకెట్ వేస్తే టన్నులు పెరుగుతాయన్న ఆశకు మూల్యం చెల్లించేది తరువాత ఆ బండిని ర్యాంపు మీద దింపే ఆపరేటర్.

ఆ మూల్యం ఎంతో కొన్ని అంకెలతో చెప్పవచ్చు. క్యాటర్‌పిల్లర్ 797ఎఫ్ డంపర్ 363 టన్నులు మోస్తుంది. మోతతో కలిపి దాని బరువు సుమారు 624 టన్నులు. ఒక్కో టైరు ఎత్తు దాదాపు నాలుగు మీటర్లు. బెలారస్‌లో తయారయ్యే బెలాజ్ 75710 మోత 450 టన్నులు. గని ర్యాంపులు సాధారణంగా 8 నుంచి 10 శాతం వాలుతో ఉంటాయి. పది శాతం వాలు మీద 600 టన్నుల బండిని కిందికి లాగే బలం సుమారు 60 టన్నుల బరువుకు సమానం. అలాంటి బండి నిండు మోతతో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నిలకడగా దిగుతున్నదంటే, నేల నిరోధం పోను, రెండున్నర మెగావాట్లకు పైగా శక్తి ప్రతి క్షణమూ వేడిగా మారి ఎక్కడికో పోవాలి. ఎలక్ట్రిక్ డ్రైవ్ ఉన్న డంపర్లలో చక్రాల మోటార్లే జనరేటర్లుగా మారి ఆ శక్తిని రెసిస్టర్ గ్రిడ్‌లలోకి పంపుతాయి. మెకానికల్ డ్రైవ్ ఉన్నవాటిలో నూనెలో మునిగిన బ్రేకు డిస్కులు ఆ వేడిని మోస్తాయి. ఈ ఏర్పాటునే రిటార్డర్ అంటారు.

రిటార్డర్‌కు ఒక పరిమితి ఉంది. దానికన్నా వేగం పెరిగాక వేడి చేరడమే గాని పోవడం ఉండదు. అందువల్ల ఆపరేటర్ తీసుకునే అతి ముఖ్యమైన నిర్ణయం వాలు మీద కాదు, వాలు మొదలయ్యే ముందే జరగాలి: ఈ బరువుకు, ఈ వాలుకు ఏ గేరు, ఎంత వేగం అన్నది పైన ఉండగానే తేల్చుకోవాలి. సగం దిగాక తప్పు తెలిస్తే దిద్దుకునే అవకాశం చాలా తక్కువ. వేగం రెట్టింపైతే ఆపడానికి పీల్చుకోవలసిన చలనశక్తి నాలుగు రెట్లవుతుంది. ర్యాంపు పక్కన పోసే మట్టి కట్టలూ, కొన్ని గనుల్లో రోడ్డు మధ్యన కట్టే మట్టి దిబ్బలూ అదుపు తప్పిన బండిని ఆపడానికి మిగిలే చివరి సాధనాలు. అమెరికా గని భద్రతా నిబంధనల ప్రకారం, పడిపోయే ప్రమాదమున్న అంచు పొడుగునా ఉండే కట్ట ఎత్తు ఆ దారిలో తిరిగే అతిపెద్ద యంత్రం ఇరుసు మధ్యభాగానికి తగ్గకూడదు. గనికి కొత్త పెద్ద డంపర్ వస్తే పాత కట్టలన్నీ ఒక్కసారిగా పొట్టివైపోతాయన్న సంగతి కాగితం మీద సులువుగా మరుగున పడుతుంది.

రోడ్డు బాగుంటే బండి బాగా నడుస్తుందన్న మాట అందరికీ తెలిసినదే. గనిలో దానికి లెక్క ఉంది. చక్రం నేలలో కూరుకుపోతూ, నేలను నలుపుతూ సాగడంలో ఎదురయ్యే ఆటంకాన్ని రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. గట్టిగా, సాపుగా ఉన్న గని రోడ్డు మీద అది బండి బరువులో 2 శాతం చుట్టూ ఉంటుంది. బురదగా, గాడులు పడి ఉంటే 5 శాతం దాటుతుంది. ఒక శాతం రోలింగ్ రెసిస్టెన్స్ ఒక శాతం ఎత్తు ఎక్కినంత భారం. అంటే 8 శాతం ర్యాంపు మంచి రోడ్డు మీద 10 శాతంగానూ చెడ్డ రోడ్డు మీద 13 శాతంగానూ ఇంజనుకు తగులుతుంది. ప్రతి డంపరూ, ప్రతి ట్రిప్పులోనూ ఆ మూడు శాతం భారాన్ని వృథాగా మోస్తుంది. వేగం తగ్గి, డీజిల్ పెరిగి, టైర్లు వేడెక్కుతాయి. గ్రేడర్ ఆపరేటర్ పేరు ఉత్పత్తి నివేదికలో ఎక్కడా కనిపించదు గాని, గనిలో అందరి టన్నులనూ పెంచేదీ తగ్గించేదీ ఆ ఒక్క బ్లేడే. ఈ పనికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

నీళ్ళ ట్యాంకర్ పనిలోనూ ఇలాంటి సూక్ష్మమే ఉంది. ధూళి లేవకుండా నీళ్ళు చల్లాలి. ధూళి ముందున్న బండిని దాచేస్తుంది, దానిలోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. కాని ర్యాంపు అంతా ఒకే తీరున తడిపితే వాలు మీద టైర్లు జారతాయి. అందుకని తెలిసిన ఆపరేటర్ ర్యాంపు మీద కొంత మేర చల్లి, కొంత మేర పొడిగా వదిలి, మళ్ళీ చల్లుతూ పోతారు. జారిన బండికి కొన్ని మీటర్లలోనే పొడి నేల దొరికి టైరు పట్టు తిరిగి వస్తుంది. వాలు మొదలయ్యే చోట, మలుపుల్లో, కూడళ్ళలో నీటిని బాగా తగ్గిస్తారు.

నేలను తప్పుగా అంచనా వేస్తే ప్రాణం మీదికి వచ్చే చోటు డంపు యార్డు అంచు. పోసిన మట్టి తన సహజమైన వాలులో నిలుస్తుంది. దాని అంచు కంటికి చదునుగా కనిపించినా లోపల వదులుగానే ఉంటుంది. వందల టన్నుల బరువు వెనక ఇరుసు మీద పడేది సరిగ్గా బాడీ లేచే క్షణంలో, అదీ అంచుకు అతి దగ్గరగా. అందుకే వెనక్కు వచ్చేటప్పుడు డంపర్ కట్టకు లంబంగా ఉండాలి. కట్ట ఎక్కడుందో తెలిపే గుర్తుగానే దాన్ని చూడాలి తప్ప టైరును ఆపే అడ్డంగా వాడుకోకూడదు. పెద్ద డంపర్లలో క్యాబిన్ సాధారణంగా ఎడమ వైపు ఉంటుంది కాబట్టి, వీలైన చోట అంచు తన ఎడమ పక్కకు వచ్చేలా దాని వెంట సాగి, తిరగక ముందే పగుళ్ళు, కుంగిన చోట్లు, తడి మచ్చలు చూసుకోవడం మంచి పద్ధతి. కింది నుంచి ఎవరైనా డంపు పాదాన్ని తవ్వి ఉంటే పై అంచుకు ఆధారం పోతుంది. అది పైనున్న ఆపరేటర్‌కు కనిపించదు. ఏమాత్రం అనుమానమున్నా అంచుకు ముందే పోసి, డోజర్‌తో నెట్టించడం సరైన పని. దానివల్ల ట్రిప్పుకు కొంత కాలం పోతుంది. అయినా దాన్ని నష్టంగా లెక్కించే అధికారి గని నేలను చదవడం రానివారే.

డోజర్ ఆపరేటర్‌కు మరో రకం గండం ఉంది. బొగ్గు నిల్వ గుట్టల అడుగున ఫీడర్లు ఉండి, బొగ్గును కన్వేయర్ బెల్టు మీదికి లాగుతుంటాయి. తడి వల్లో, చాలాకాలం బిగుసుకుపోవడం వల్లో పైపొర వంతెనలా నిలిచిపోయి, కింద బొగ్గు ఖాళీ అయి గుహ ఏర్పడవచ్చు. పైనుంచి చూస్తే గుట్ట మామూలుగానే ఉంటుంది. డోజర్ ఆ వంతెన మీదికి వెళ్ళగానే పైపొర కూలి, యంత్రం గుహలో పడి, దాని మీదికి బొగ్గు జారుతుంది. ఫీడర్ నడుస్తున్నా గుట్ట మీద గుంత పడకపోవడమే దీనికి తొలి సూచన: కిందికి దిగవలసిన బొగ్గు దిగడం లేదంటే లోపల ఏదో ఆగింది. జరిగినదాన్ని కాక జరగనిదాన్ని గమనించవలసి రావడం ఈ పనిలోని కష్టం. అందుకే ఫీడర్ల స్థానాలను జెండాలతోనో జీపీఎస్ తెర మీదనో గుర్తించడం, క్యాబిన్‌కు ఒత్తిడిని తట్టుకునే అద్దాలు బిగించడం, లోపల ప్రాణవాయువు పరికరం ఉంచడం అవసరమవుతాయి.

ఇక మూడో ప్రశ్న చూపుకు సంబంధించినది. యంత్రం పెద్దదయ్యేకొద్దీ ఆపరేటర్ ఎత్తున కూర్చుంటారు కాబట్టి బాగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. దూరం బాగానే కనిపిస్తుంది, మాయమయ్యేది దగ్గర. పెద్ద డంపర్ ముందు ఆనుకుని నిలిచిన జీపు సీటులోంచి కనపడదు. కుడి పక్కన, వెనకన కనపడని జాగా ఇంకా ఎక్కువ. కెమెరాలు, రాడార్లు సాయపడతాయి గాని బురద పట్టిన కెమెరా ఉన్నా లేనట్టే. కాబట్టి చిన్న వాహనాలకు పొడవైన కర్ర చివర జెండా, తిరిగే లైటు తప్పనిసరి చేస్తారు. అంతకన్నా ముఖ్యమైనది రేడియోలో మాట: దగ్గరికి రాదలచినవారు ముందు పిలవాలి, ఆపరేటర్ యంత్రాన్ని ఆపి, రమ్మని చెప్పాలి, ఆ తరువాతే కదలాలి. జవాబు రాకపోవడాన్ని అనుమతిగా తీసుకోకూడదు. కదిలే ముందు మోగించే హారన్‌కు కూడా చాలా గనుల్లో ఒక భాష ఉంది: స్టార్టు చేయడానికి ఒకసారి, ముందుకు రెండుసార్లు, వెనక్కు మూడుసార్లు.

కనిపించని అపాయాల్లో టైరు లోపలి వేడి ఒకటి. ఎత్తిన బాడీ కరెంటు తీగకు తగిలినా, పిడుగు పడినా, బ్రేకు వేడెక్కి రిమ్ముకు చేరినా టైరు లోపలి రబ్బరు కాలి మండే వాయువులు పుట్టవచ్చు. బయట మంట లేకుండానే కొన్ని గంటల తరువాత టైరు పేలే ప్రమాదముంది. అందువల్ల అలాంటి బండి చుట్టూ 300 మీటర్ల మేర ఎవరినీ రానీయకుండా 24 గంటలు వదిలేయడం చాలా గనుల్లో పాటించే నియమం. కరెంటు తీగ తగిలి ఉంటే, మంటలు లేనంతవరకూ క్యాబిన్‌లోనే ఉండాలి. దిగక తప్పనప్పుడు యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్ళూ కలిపి దూకాలి.

గోడల సంగతి ఆపరేటర్ చేతిలో ఉండదు గాని, ముందుగా చూసే కళ్ళు వారివే. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బింగమ్ కాన్యన్ రాగి గనిలో 2013 ఏప్రిల్ 10న గని గోడ రెండు విడతలుగా, గంటన్నర తేడాతో కూలింది. కోట్ల టన్నుల రాయి అడుగుకు చేరి షావెళ్ళనూ డంపర్లనూ కప్పేసింది. ఒక్కరికీ గాయం కాలేదు. గోడ కదలికను రాడార్లతో కొలుస్తూ వచ్చిన ఇంజనీర్లు ముందే హెచ్చరించారు, గనిని ఖాళీ చేయించారు. అలాంటి పరికరాలు లేని చోట, లేదా అవి చూడని మూలలో, బెంచి (గోడలో మెట్టులా తీసిన చదును) మీద కొత్త పగులు వచ్చిందనీ, రాళ్ళు ఊరికే రాలుతున్నాయనీ, నిన్న పొడిగా ఉన్న చోట నీరు ఊరుతోందనీ చెప్పగలిగేది రోజూ ఆ గోడ కింద పనిచేసే మనిషే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995లో ఆమోదించిన 176వ ఒప్పందం, ప్రాణాపాయం ఉందని సహేతుకంగా తోచినప్పుడు ఆ చోటు నుంచి తప్పుకునే హక్కును గని కార్మికులకు ఇచ్చింది. ఆ హక్కు వాడుకలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక్కటే దారి: యంత్రం ఆపి ‘ఈ గోడ నాకు నచ్చలేదు’ అని రేడియోలో చెప్పిన ఆపరేటర్‌కు ఎలాంటి జవాబు వచ్చిందో చూడటం.

ఇంతటి అంచనా నిలవాలంటే మనిషి మెలకువగా ఉండాలి. ఇక్కడే ఈ వృత్తి మనిషి నుంచి ఎక్కువగా తీసుకుంటుంది. పన్నెండు గంటల షిఫ్టులు చాలా గనుల్లో మామూలు. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య శరీరం సహజంగానే నిద్రలోకి జారాలనుకుంటుంది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానమని 1997లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి 33 మీటర్లు పోతుంది. కనురెప్పల కదలికను చూసి సీటును అదిలించే కెమెరాలు వచ్చాయి, మంచిదే. అవి నిద్రను కనిపెడతాయి గాని ఇవ్వలేవు. షిఫ్టుల వరస, మధ్యలో విరామం, పగటిపూట నిద్రకు వీలున్న వసతి అన్నవి యాజమాన్యం చేతిలోని విషయాలు. అలసటను ఆపరేటర్ నిర్లక్ష్యంగా చూపడం అన్యాయం.

అలసట కన్నా నెమ్మదిగా, ఏళ్ళ తరబడి దెబ్బతీసేది కుదుపు. సీటు గుండా ఒళ్ళంతా పాకే కంపనాన్ని కొలిచే పద్ధతిని ఐఎస్ఓ 2631 ప్రమాణం వివరిస్తుంది. యూరోపియన్ యూనియన్ 2002 నాటి ఆదేశంలో ఎనిమిది గంటల పనికి సెకన్ స్క్వేర్‌కు 0.5 మీటర్లు దాటితే చర్య తీసుకోవాలనీ, 1.15 మీటర్లు దాటనే కూడదనీ నిర్ణయించింది. నడుము నొప్పి ఆపరేటర్లలో అంత సాధారణం కావడానికి కారణాలు ఇక్కడే ఉన్నాయి: గతుకుల రోడ్డు, పాడైన సీటు, ఖాళీ బాడీలో పడిన బండ. ఆ కారణాల్లో రెండు మళ్ళీ గ్రేడర్ ఆపరేటర్, షావెల్ ఆపరేటర్ల పనితనం మీదే ఆధారపడి ఉన్నాయి.

మనిషే లేని డంపర్లు వచ్చాక ఇదంతా ఎందుకన్న ప్రశ్న సహజం. 2008లో చిలీలోని గాబ్రియేలా మిస్ట్రాల్ రాగి గనిలో కొమాట్సు కంపెనీ తయారుచేసిన డ్రైవర్ లేని డంపర్లు వాణిజ్యపరంగా పనిలోకి దిగాయి. అదే ఏడాది చివర ఆస్ట్రేలియాలోని పిల్బరా ఇనుప గనుల్లో గనుల సంస్థ రియో టింటో వాటిని ప్రవేశపెట్టింది. ఇప్పుడు అక్కడి డంపర్లను సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలోని పెర్త్ నగరంలో కూర్చుని పర్యవేక్షిస్తున్నారు. డంపర్ సీట్లు తగ్గాయన్నది నిజం, దానివల్ల ఉపాధి పోతుందన్న భయమూ న్యాయమైనదే. కాని ఆ గనుల్లోనూ షావెల్, డోజర్, గ్రేడర్ సీట్లలో ఎక్కువగా మనుషులే ఉన్నారు. డంపర్ వచ్చి నిలవవలసిన చోటును షావెల్ ఆపరేటరే నిర్ణయిస్తారు. డ్రైవర్ లేని డంపర్లు జీపీఎస్ గీసిన గీత మీదే పదే పదే నడవడం వల్ల రోడ్డు మీద లోతైన గాడులు పడ్డాయి. మనుషులు నడిపినప్పుడు ఒకరు కాస్త ఎడమగా, ఒకరు కాస్త కుడిగా పోయేవారు కాబట్టి ఆ అరుగుదల రోడ్డంతా పంచుకునేది. చివరికి ఒక్కో ట్రిప్పుకు దారిని కొద్దిగా పక్కకు జరిపే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో చేయవలసి వచ్చింది. ఏ గాడి ఎంత లోతుకు వచ్చాక బ్లేడు దించాలో, వాన పడ్డాక ర్యాంపును ఎప్పుడు మూయించాలో చెప్పడానికి ఆ గనులు నేటికీ రోడ్డు మీదున్న గ్రేడర్ ఆపరేటర్‌నే అడుగుతున్నాయి.